నాయనమ్మ అరువడిగిన పుష్యరాగం

నా చిన్నప్పుడు అనగానే మా పిల్లలు, రాజులు గుర్రాల మీద తిరిగిన కాలమేమో అన్నట్టు మొహం పెడతారు. అంత లేదు. ఫోనుకు తీగ ఉన్న రోజులు, ఉప్పల్ రోడ్డు మీద మెట్రో స్తంభాలు ఇంకా మొలవని రోజులు, అంతే. మేము నాచారంలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. మా బాపు జనగామ దిక్కు నుంచి పని వెతుక్కుంటూ వచ్చి, ఇనుప సామాను తయారుచేసే ఓ చిన్న కంపెనీలో లేత్ మిషను మీద పనిచేసేవాడు. అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. నాయనమ్మ మాతోనే ఉండేది. ఉండేది అంటే ఆమె మాతో ఉండేదో, మేమే ఆమెతో ఉండేవాళ్ళమో ఇప్పటికీ నాకు స్పష్టంగా తెలియదు.

మా నాయనమ్మకు భయం అంటే ఏమిటో తెలియదు. వయసులో ఉన్నప్పుడు చేను దగ్గర ఒక్కతే మంచె మీద పడుకుని అడవిపందులను తోలిన మనిషి. నాచారంలో పందులు లేవు కనక నీళ్ళ ట్యాంకరు వాణ్ణి తోలేది. మా బిందెలు నిండకుండా పైపు పక్కింటికి తిప్పాడో, వాడి ఏడు తరాలనూ వరసగా పిలిచి పలకరించేది. చీకట్లో కరెంటు పోతే మేమంతా ఒకరినొకరం తడుముకుంటుంటే ఆమె మాత్రం నేరుగా నడిచిపోయి దీపం వెలిగించి, మా వంక విసుగ్గా చూసేది. ఈ సంగతి ముందే చెప్పడం ఎందుకంటే తర్వాత జరిగిందంతా దీని మీదే నిలబడి ఉంది.

ఆ ఏడు బాపుకు వరసగా దెబ్బలు తగిలాయి. అంతకుముందు పనిచేసిన కంపెనీ మూతపడింది. కొత్తది దొరికిన నెలకే టైఫాయిడ్ వచ్చింది. అది తగ్గి లేచాడో లేదో రామంతాపూర్ చెరువు దగ్గర స్కూటరు జారి మోకాలు పగిలింది. బాపు పైకి ఏమీ అనేవాడు కాదు గాని, గుమ్మం దాటేముందు ఒక్క క్షణం ఆగడం మొదలుపెట్టాడు. ఎవరైనా తుమ్మితే వెనక్కి వచ్చి కూర్చునేవాడు. అంతకుముందు అలాంటివేవీ లేని మనిషి.

కంపెనీలో స్నేహితుడొకాయన బాపును రామంతాపూర్‌లో జాతకాలు చూసే అయ్యగారి దగ్గరికి తీసుకుపోయాడు. పుట్టిన తేదీ, గడియ కావాలన్నాడు అయ్యగారు. బాపు దగ్గర బడిలో రాయించిన జూన్ తేదీ ఒక్కటే ఉంది, అది పంతులు అందాజుగా వేసిందని బాపుకూ తెలుసు. మా బాపు ఈడు వాళ్ళలో చాలామంది కాగితాల మీద జూన్‌లోనే పుట్టారు. అయ్యగారికి ఇలాంటివి కొత్త కాదు. పేరులో మొదటి అక్షరం పట్టుకుని నక్షత్రం తీశాడు, గురుబలం తగ్గిందన్నాడు. కనకపుష్యరాగాన్ని బంగారంలో కట్టించి, బేస్తవారం నాడు కుడిచేతి చూపుడువేలికి పెట్టుకోమన్నాడు. రాయి ఒంటికి తగలాలి, ఒక్క గడియ కూడా తీయొద్దు, అన్నాడు. ఈ చివరి మాటను బాపు గుండెలో రాసుకున్నాడు.

ఉంగరం చేయించడానికి ఉప్పల్ పాత ఊళ్ళో ఉన్న అవుసలాయన దగ్గరికి బాపు, నాయనమ్మ, నేను వెళ్ళాం. బంగారం నాయనమ్మది. తన గుండ్లపేరులోంచి కొన్ని గుండ్లు తీసి, కొంగుముడి విప్పి ఆయన ముందు పోసింది. ఆయన దగ్గర చిన్న చిన్న తెల్ల కాగితపు పొట్లాల్లో రాళ్ళుండేవి. నా సంబరం చూసి ఒక్కో పొట్లం విప్పి చూపించాడు. కెంపు, పచ్చ, నీలం, తేనెరంగు గోమేధికం, మిరపపండు లాంటి పగడం. పుష్యరాగాన్ని మాత్రం చిమటాతో పట్టుకుని ఎండలో పెట్టి చూపించాడు. లేత పసుపు. నిజం చెప్పొద్దూ, మిగతా వాటి ముందు అది నాకు కొంచెం చప్పగా కనిపించింది.

గోడ మీద ఏదో పెద్ద నగల దుకాణం వాళ్ళు పంచిన పటం ఒకటుంది. అందులో ఇంగ్లీషు నెలకొక రాయి. నేను దవాఖానాలో పుట్టాను కనక నా తేదీ సరైనదే. నా ఫిబ్రవరికి వంకాయరంగు రాయి వచ్చింది, మస్తు నచ్చింది. అవుసలాయన బాపు నెల కూడా అడిగి నవ్వాడు.

“గీ పటం లెక్కన నీకు ముత్యం రావాలె. అయ్యగారి లెక్కన పుష్యరాగం. ఏది జెయ్యమంటవ్ అన్నా?”

“అయ్యగారిదే జెయ్యి,” అన్నాడు బాపు, ముత్యం మాట విననట్టే.

నాయనమ్మ గోడవైపు తిరిగి, “వీడు పుట్టింది మక్కకంకులు ఇరిచేటప్పుడు. జూన్ల మక్కలేడియి?” అని తనలో తాను అనుకుంది. ఎవరూ పట్టించుకోలేదు. ఆమె కూడా ఆ మాటను అక్కడే వదిలేసింది.

ఉంగరం వచ్చింది. వెనకవైపు కిటికీలా తెరిచి ఉంది, రాయి వేలికి ఆనుతుంది. బాపు దాన్ని పాలలో ముంచి, దేవుడి ముందు పెట్టి, తొడుక్కున్నాడు. ఆ రోజు నుంచి గుమ్మం దగ్గర ఆగడం మానేశాడు. ఈల కూడా వేసేవాడు. ఎవరైనా తుమ్మితే, “నా ఏలికి గురుడున్నడు, తుమ్ముకోండ్రి,” అనేవాడు. అమ్మకు ఆ నవ్వు చూసి ఎంత సంతోషమైందో నాకు బాగా గుర్తుంది. రాయి పనిచేసిందా లేదా అన్న వాదన మా ఇంట్లో ఎప్పుడూ రాలేదు. కళ్ళముందు మనిషి నవ్వుతున్నాడు, అది చాలు.

చిక్కల్లా ఏమిటంటే తిరిగే మిషను ముందు ఉంగరం పెట్టుకోకూడదు. కంపెనీలో చేరిన మొదటి రోజే చెప్పే మాట అది. అయ్యగారేమో గడియ కూడా తీయొద్దన్నాడు. ఈ రెండింటి మధ్య బాపు ఓ ఉపాయం కనిపెట్టాడు. పాత బనీను గుడ్డను పీలికగా చింపి చూపుడువేలికి చుట్టుకుని, సూపర్‌వైజరు అడిగితే వేలు కోసుకుందని చెప్పేవాడు. నెలల తరబడి మానని ఆ గాయం గురించి సూపర్‌వైజరు ఏమనుకున్నాడో తెలియదు. అమ్మకు మాత్రం ఆ పీలిక ఉతకడం అంటే ఒళ్ళు మండేది. పొద్దున డబ్బా కట్టి ఇస్తూ రోజూ అదే మాట, “మిషిన్ కాడ తియ్యయ్యా, నీకు దండం పెడ్త.” బాపు వినేవాడు కాదు.

ఒక సాయంత్రం బాపు వచ్చే వేళకు రాలేదు. చీకటి పడేవేళ పక్క మిషను మీద పనిచేసే ఆయన బాపును స్కూటరు మీద తీసుకొచ్చాడు. కుడిచేయి అంతా కట్టు. తిరుగుతున్న ఇనుప కడ్డీని గరుకు కాగితంతో నున్నగా రుద్దుతుంటే గుడ్డ పీలిక కడ్డీకి చుట్టుకుని వేలిని గుంజిందట. పక్కాయన ఉరికొచ్చి స్విచ్చి కొట్టాడు కాబట్టి సరిపోయింది. చూపుడువేలు ఎముక దాకా కోసుకుపోయింది, దవాఖానాలో కుట్లు వేశారు. ఉబ్బిన వేలి మీంచి ఉంగరాన్ని సబ్బు రాసి ఎలాగో లాగారు. అది కోడిగుడ్డులా సాగిపోయి ఉంది. రాయికి మాత్రం గీత పడలేదు.

ఆ రాత్రి మా ఇంట్లో జరిగిన గొడవ వంటిది మళ్ళీ జరగలేదు. బాపు మంచం మీద కూర్చుని, ఆ వంకర ఉంగరాన్ని ఎడమచేతిలో పట్టుకుని మొహం వెలిగిపోతుండగా అన్నాడు. “సూసిన్రా? రాయి అడ్డం పడ్డది. లేకుంటే ఏలు పోయేది.”

అమ్మ చేతిలో అన్నం గిన్నె ఉంది. దాన్ని కింద పెట్టి మరీ అరిచింది. “ఉంగరం లేకుంటే గుడ్డ సుట్టుకుందువా? గుడ్డ లేకుంటే మిషిన్ గుంజునా? ఏలు తీసేది అదే, కాపాడేది అదే అంటవేందయ్యా!”

నాకు అమ్మ మాటే న్యాయంగా తోచింది. ఇంటి పక్కల వాళ్ళకు కూడా అలాగే తోచి ఉంటుంది, అందరికీ వినబడింది మరి. కానీ అమ్మ ఎంత గట్టిగా అడిగితే బాపు పిడికిలి అంత గట్టిగా బిగిసింది. చివరికి తినకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. అమ్మ వంటగదిలో కూర్చుని ఏడ్చింది. కుట్లు విప్పగానే మళ్ళీ అదే వేలు, అదే ఉంగరం, అదే మిషను. ఈసారి స్విచ్చి కొట్టే మనిషి పక్కన ఉంటాడో ఉండడో. మా ఇంటి తిండి ఆ చేతి మీదే నడుస్తోంది. నాకు మాత్రం తిండి దిగులు లేదు, బాపు నా జడ అల్లేటప్పుడు పాయ విడదీసే వేలు అది. అది ఉండదంటే ఎట్లా అని నేను భయపడ్డాను.

“నువ్వన్న జెప్పు అత్తమ్మా,” అంది అమ్మ. నాయనమ్మ ఆకు నములుతూ అంతా వింది. “నువ్వు జెప్పినవ్ గదా, ఏమాయె?” అంది. ట్యాంకరు వాణ్ణి వణికించే మనిషి ఇంత నెమ్మదిగా ఊరుకోవడం నాకు వింతగా అనిపించింది.

కుట్లు విప్పాక ఉంగరాన్ని సరిచేయించమని బాపే ఆమె చేతికిచ్చాడు. నన్ను వెంటబెట్టుకుని షేర్ ఆటోలో ఉప్పల్ బయలుదేరింది. అవుసలాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. రోకలిలాంటి ఇనుప కడ్డీ మీద పెట్టి మెల్లగా కొడుతూ గుండ్రం చేశాడు. నాయనమ్మ అడిగింది, “రాయికి ఏం గాలేదేంది? మావోడు దాని మహిమ అంటుండు.”

“గిది జాతిరాయి అవ్వా. ఇనుముకు లొంగది,” అన్నాడాయన, తలెత్తకుండానే. “ఏలు గట్లుండదు గదా.”

తిరిగి వచ్చేటప్పుడు ఉంగరం నాయనమ్మ కొంగుముడిలో ఉంది. ఆ ముడిని రెండుసార్లు తడిమి చూసుకుంది.

మర్నాడు బాపు డ్యూటీకి పోవాలి. రాత్రి అన్నాలయ్యాక బాపు ఉంగరం అడిగాడు. నాయనమ్మ ముడి విప్పింది గాని చేతికివ్వలేదు. బాపు పక్కన మంచం పట్టె మీద కూర్చుంది. అప్పటిదాకా నేనెన్నడూ వినని మెత్తటి గొంతుతో మాట్లాడింది.

“బిడ్డా, ఒకటడుగుత, కాదనకు. మీరు పోంగనే ఇంట్ల నేనొక్కదాన్నే. కోడలు బట్టలియ్యబోతది, పొల్ల బడికి పోతది. గుండె దడదడమంటది. గీ రాయి నా తాన ఉంటే జర ధైర్నం. పొద్దుగాల ఇచ్చిపో, మాపటీలి తీసుకో. పగటికే అరువియ్యి, సాలు.”

నాకు నవ్వు ఆగలేదు. “నీకు భయమా నానమ్మా?” అన్నాను. బాపుకు కనబడకుండా ఆమె చేయి వచ్చి నా తొడను గిల్లిన గిల్లుడు ఇప్పటికీ గుర్తుంది. నీలంరాయి రంగులో కమిలింది. నేను కళ్ళనీళ్ళు మింగి ఊరుకున్నాను.

అమ్మ వంటగది గడపలో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. బాపు తన వేలి మీది కుట్ల గుర్తు వంక చూసుకున్నాడు. తర్వాత నాయనమ్మ గుప్పిట తనే మూశాడు. “నువ్వే ఉంచుకో అవ్వా పగటీలి. భయపడకు,” అన్నాడు.

మర్నాడు పొద్దున నాయనమ్మ ఉంగరానికి వెనకవైపు తెల్లదారం చుట్టి తన సన్నటి వేలికి సరిపడేట్టు చేసుకుంది. బాపు వట్టి చేతులతో గుమ్మం దాటాడు. ఒక్క క్షణం ఆగాడు. వెనక్కి తిరిగి నాయనమ్మ చేతివంక చూసి, వెళ్ళిపోయాడు. ఆ రోజు అమ్మ కుట్టిన జాకెట్టుకు చేతులు తారుమారయ్యాయి. సాయంత్రం బాపు స్కూటరు చప్పుడు వినబడగానే అమ్మ దేవుడికి దండం పెట్టింది. నాయనమ్మ దారం విప్పి ఉంగరం ఇచ్చేసింది. “ఎట్లుండె అవ్వా?” అని అడిగాడు బాపు. “రాయి ఉండంగ నాకేం ఫికర్ బిడ్డా,” అంది ఆమె, రోజంతా వీధిలో చింతపండు వాడితో తగవు పెట్టుకున్న గొంతుతోనే.

ఇది రోజూ సాగింది. పొద్దున దారం చుట్టుకోవడం, సాయంత్రం విప్పడం. బేస్తవారం నాడు నాయనమ్మే దాన్ని పాలలో ముంచి తీసేది. కొన్నాళ్ళకు బాపు సాయంత్రం అడగడం మరిచిపోసాగాడు. ఇంకొన్నాళ్ళకు దారం విప్పడమే మానేశారు. బాపు మళ్ళీ ఈల వేస్తూనే డ్యూటీకి పోయేవాడు. గురుడు ఇంట్లో ఉన్నాడు గదా, ఎక్కడుంటే ఏమిటన్నట్టు.

ఒక సెలవురోజు మధ్యాహ్నం నాయనమ్మ బియ్యంలో మెరిగలు ఏరుతుంటే నేను పక్కన కూర్చుని ఆ ఉంగరాన్ని ఆమె వేలి మీద తిప్పుతున్నాను. అప్పుడు మాటల్లో బయటపెట్టింది. అయ్యగారు పట్టుకున్న అక్షరం బాపుది కాదట. ఆ పేరు కూడా బడిలో పంతులు వేసిందే. నాయనమ్మ తన కొడుక్కి పెట్టిన పేరు వేరు. ఆ పేరు పలకడం పంతులుకు నచ్చక మార్చేశాడు, ఊరంతా అదే పట్టుకుంది, బాపుకు పాత పేరు సంగతే గుర్తులేదు. అంటే నక్షత్రం తప్పు. గురుడు తప్పు. పుష్యరాగం బాపు రాయే కాదు.

నేను ఎగిరి గంతేశాను. ఇంత బ్రహ్మాస్త్రం చేతిలో పెట్టుకుని, ఆ రోజు గొడవలో ఎందుకు చెప్పలేదని నిలదీశాను. చెప్పుంటే బాపు అక్కడికక్కడే ఉంగరం తీసేసేవాడు గదా, అమ్మ ఏడ్చే పని ఉండకపోవును గదా. నాయనమ్మ మెరిగను ఏరి పక్కన పడేసి, నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

“చెప్తే ఏమైతుండె? తెల్లారి గా అయ్యగారి తానకే పోయి అసలు పేరు జెప్పి ఇంకో రాయి తెచ్చుకుంటుండె. గది ఇంకో ఏలికి ఎక్కుతుండె. మీ బాపు ఓడిపోతుండె, ఏలు మాత్రం మిషిన్ తాన్నే ఉంటుండె. నాకు గెలుసుడు గావాల్నా, వాని ఏలు గావాల్నా?”

ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. అప్పుడు మాత్రం, బాపుకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకోవడమే గుర్తు.

తెలంగాణ వచ్చిన ఏడు, వానలకు ముందు, నాయనమ్మ పోయింది. నిద్రలోనే పోయింది, ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. అప్పటికి మేము మేడిపల్లిలో సొంతంగా రెండు గదులు కట్టుకుని వచ్చేశాం. కార్యం అయ్యాక అమ్మ ఆ ఉంగరం తెచ్చి బాపు చేతిలో పెట్టింది. దారం నూనె పట్టి నల్లబడి ఉంది. బాపు దాన్ని అలాగే పట్టుకుని కూర్చున్నాడు. నాయనమ్మ ఇక లేదు కదా, ఒట్టు తీరిందనుకుని నేను పేరు సంగతి చెప్పబోయాను. బాపే ముందు మాట్లాడాడు.

“అవ్వకు భయమెక్కడిదే? అడవిపందులను తోలిన మనిషి.” ఉంగరం మీది దారాన్ని గోటితో సవరించాడు. “నాకెర్కే బిడ్డా. గా దినమే ఎర్క. ఏలు తెగినకాడి సంది మిషిన్ పేరు ఇంటేనే నా చెయ్యి ఒణికేది. తీస్తే గురుడు పోతడని భయం, ఉంచితే ఏలు పోతదని భయం. మీ అమ్మ ముంగట ఎట్ల జెప్పుదు? గంత మొండిగ మాట్లాడితి గదా. అవ్వ అరువడిగింది. బతికిచ్చింది నన్ను.”

అని బాపు ఏడ్చాడు. కార్యమంతా గట్టిగా నిలబడిన మనిషి, అప్పుడు ఏడ్చాడు. నేను పేరు సంగతి చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

ఉంగరం ఇప్పుడు నా దగ్గరుంది. నా నక్షత్రానికీ, నా ఫిబ్రవరికీ అది సరిపడదు. పెట్టుకోను, దారం మాత్రం విప్పలేదు. నాకు రాళ్ళ మీద నమ్మకమూ లేదు, కోపమూ లేదు. ఇంట్లో ఎవరైనా మొండికేసి కూర్చుంటే నా దగ్గర ఎంత పెద్ద న్యాయం ఉన్నా దాన్ని నోట్లోనే ఆపి, ఈ మనిషి దిగిరావడానికి నేనేం అడగాలి అని ఆలోచిస్తాను. మా పెద్దవాడు బండి నడుపుతూ ఫోను చూస్తాడు. అరిచి అరిచి అలిసిపోయాను. ఈమధ్య, “నా ఫోను మంచిగ లేదురా, బయటికి పోయినప్పుడల్లా నీది నాకిచ్చిపో, నాకు భయమైతుంది,” అన్నాను. వాడు నన్ను అనుమానంగా చూశాడు. ఇచ్చి వెళ్ళాడు.

బాపు పని మానేసి చాలా రోజులైంది. మా ఇంటికి వస్తే నేనే వడ్డిస్తాను. ఆయన పప్పులో నెయ్యి వేసుకుని అన్నం కలుపుతుంటే నా చూపు ముందుగా అక్కడికే పోతుంది. చూపుడువేలి మీద కుట్ల గుర్తు వంకరగా, తెల్లగా ఉంది. మా చిన్నది తాత పక్కన చేరి, “తాతా, జడ ఎయ్యవా?” అని అడుగుతుంది. ఆయన చేయి కడుక్కుని, ఆ వేలితోనే దాని జుట్టులో పాయ తీస్తాడు.